అబిడిఫ్: లైబ్రరీ కొత్త వెర్షన్ వదిలే ముందు ఒక్కసారి నడపండి

సీ, సీ ప్లస్ ప్లస్‌లో షేర్డ్ లైబ్రరీలు రాసి పదిమందికి ఇచ్చేవాళ్ల కోసం ఈ రివ్యూ. లిబ్‌అబిగేల్ ప్రాజెక్టులో వచ్చే అబిడిఫ్ అనే టూల్‌ని ఏడాదిగా వాడుతున్నాను, ఉచితమే, ఓపెన్ సోర్సే. పాత లైబ్రరీ ఫైలు, కొత్త లైబ్రరీ ఫైలు రెండూ దీని చేతికిస్తే ఏ ఫంక్షన్ పోయింది, ఏ స్ట్రక్ట్ సైజు మారింది, ఏ ఫీల్డ్ ఎటు జరిగింది అన్నీ విప్పి చెప్తుంది.

దీని దాకా ఎలా వచ్చానంటే, మా లైబ్రరీ 2.4 వెర్షన్‌లో ఆప్షన్ల స్ట్రక్ట్‌కి టైమ్‌అవుట్ అని ఒక ఇంట్ ఫీల్డ్ కలిపాం. చూడ్డానికి బాగుంటుందని పోర్ట్‌కీ రీట్రైస్‌కీ మధ్యలో పెట్టాం, రీట్రైస్ తర్వాత ఒక పాయింటర్ ఉండేది. సోనేమ్ (ప్రోగ్రాములు లైబ్రరీని వెతుక్కునే పేరు, పాతవాటితో కుదరని మార్పు చేస్తే ఇది మార్చాలి) మార్చలేదు. టెస్టులన్నీ పాసయ్యాయి. ఒక కస్టమర్ లైబ్రరీ ప్యాకేజీ మాత్రం అప్‌డేట్ చేసుకుని తన పాత ప్రోగ్రామ్‌ని అలాగే నడిపితే, లాగ్‌లో రీట్రైస్ దగ్గర కోట్లలో ఏదో అంకె, ఆ తర్వాత క్రాష్. రెండు రాత్రులు నిద్ర లేదు. చివరికి తేలిందేంటంటే, పాత ప్రోగ్రామ్ పాయింటర్ పెట్టిన చోటు నుంచి కొత్త లైబ్రరీ రీట్రైస్ చదువుతోంది, అంటే ఆ అంకె నిజానికి ఒక అడ్రస్‌లో సగం ముక్క.

మరి టెస్టుల్లో ఎందుకు దొరకలేదు? టెస్టులు నడిపిన ప్రతిసారీ అన్నీ కొత్త హెడర్లతో మళ్లీ కంపైల్ అవుతాయి కాబట్టి. సోర్సు సరిపోతే చాలనుకుంటాం గానీ, బైనరీ సరిపోవడం, అంటే పాత ప్రోగ్రామ్ మళ్లీ కంపైల్ చేయకుండానే కొత్త లైబ్రరీతో నడవడం, పూర్తిగా వేరే సంగతి.

అవే రెండు ఫైళ్లని తర్వాత అబిడిఫ్‌కి ఇస్తే, స్ట్రక్ట్ సైజు 128 బిట్ల నుంచి 192 బిట్లకి మారింది, 32వ బిట్ దగ్గర టైమ్‌అవుట్ కొత్తగా చేరింది, దానివల్ల ఫలానా ఫంక్షన్లకి దెబ్బ అని హెడర్ ఫైల్లో లైన్ నంబర్‌తో సహా చూపించింది. ఆ రిపోర్ట్ చూసి చాలాసేపు మాట రాలేదు నాకు.

సీఐలో (కోడ్ మారిన ప్రతిసారీ బిల్డు, టెస్టులు వాటంతటవే నడిపే ఏర్పాటు) పెట్టేటప్పుడు ఒక్కటి జాగ్రత్త. ఎగ్జిట్ కోడ్‌లో ఒక్కో బిట్‌కి ఒక్కో అర్థం ఉంది: 4 అంటే ఏదో మారింది, 8 అంటే కచ్చితంగా విరిగింది, ఉదాహరణకి ఒక ఫంక్షన్ తీసేస్తే రెండూ కలిపి 12 వస్తుంది. కొత్త ఫంక్షన్ కలిపినా 4 వస్తుంది, కాబట్టి సున్నా కానిదల్లా ఫెయిల్ అని రాస్తే టీమ్ వారంలో విసిగిపోతుంది. అలాగని 8 ఒక్కటే పట్టుకుని కూర్చోకండి, 4 వచ్చిన ప్రతిసారీ ఒక మనిషి రిపోర్ట్ చదవాల్సిందే, మేమైతే రివ్యూలో దాన్ని తప్పనిసరి చేశాం.

లోపాలూ ఉన్నాయి. డీబగ్ సమాచారం లేని ఫైలు ఇస్తే సింబల్ పేర్లు (ఫంక్షన్లు, వేరియబుల్స్ పేర్లు) తప్ప టైపుల గురించి ఏమీ చెప్పదు, అందుకే కంపైలర్‌కి మైనస్ జీ (-g) ఆప్షన్ ఇచ్చి కట్టిన ఫైలే ఇవ్వాలి. మ్యాక్రోల విలువ మారినా, హెడర్లోని ఇన్‌లైన్ ఫంక్షన్ లోపల లెక్క మారినా దీనికి కనపడదు. ఫంక్షన్ రూపం అదే ఉండి ప్రవర్తన మారితే అసలే తెలీదు. టెంప్లేట్లు ఎక్కువగా ఉన్న సీ ప్లస్ ప్లస్ కోడ్ మీద రిపోర్ట్ చాంతాడంత వస్తుంది, అసలు మారిన టైపుల్నే చూపించే లీఫ్ ఛేంజెస్ ఓన్లీ ఆప్షన్ పెడితే కాస్త నయం. లోపలి టైపుల్ని వదిలెయ్యమని సప్రెషన్ ఫైలు రాసుకోవచ్చు గానీ, అందులో పబ్లిక్ టైపు పేరు ఒక్కటి పొరపాటున పడినా టూల్ నోరు మూసుకుంటుంది, కాబట్టి ఆ ఫైలు మార్పుల్ని కోడ్ కంటే జాగ్రత్తగా చూడండి.

ఇది జబ్బు కనిపెడుతుంది, మందు మనమే వెయ్యాలి. మేం స్ట్రక్ట్‌ని హెడర్లోంచి తీసి లోపల దాచేశాం, ఇప్పుడు బయటివాళ్లకి పాయింటర్ ఒక్కటే కనిపిస్తుంది. ప్రవర్తన మారక తప్పని ఒక ఫంక్షన్‌కి మాత్రం సింబల్ వెర్షనింగ్ పెట్టాం. లినక్స్‌లోని సీ లైబ్రరీ జీలిబ్‌సీ 2.14లో ఎక్స్86-64 మీద, మెమరీ కాపీ చేసే మెమ్‌కాపీ ఫంక్షన్‌కి చేసింది ఇదే: పాత ప్రోగ్రాములకి పాత మెమ్‌కాపీ, కొత్తగా లింక్ అయ్యేవాటికి కొత్తది, రెండూ ఒకే ఫైల్లో.

నా రేటింగ్ 5కి 4.5. ఫెడోరాలో ప్యాకేజీ పేరు లిబ్‌అబిగేల్, డెబియన్, ఉబుంటుల్లో అబిగేల్-టూల్స్. ఇన్‌స్టాల్ చేసిన రోజే మీ చివరి రిలీజ్ మీద అబిడీడబ్ల్యూ (లైబ్రరీ ఫంక్షన్లు, టైపుల వివరాల్ని ఫైల్లో రాసిచ్చే తోటి టూల్) నడిపి, వచ్చిన ఎక్స్ఎంఎల్ ఫైల్ని గిట్‌లో పెట్టేయండి, తర్వాతి వెర్షన్లని దానితోనే పోల్చుకోవచ్చు.