విజయవాడలో ఏది మేలు: కరెంటు స్కూటరా, కరెంటు బస్సా, బస్సుకు విడి దారా?

బండిని కరెంటుకు మారిస్తే కార్బన్ పోయినట్టే అనుకుంటాం. లెక్క అంత సూటిగా తేలదు. మన కరెంటులో ఇంకా బొగ్గుదే పెద్ద వాటా. ఇబ్రహీంపట్నం థర్మల్ కేంద్రం పొగగొట్టాలు కనిపిస్తూనే ఉన్నాయి. దేశం మొత్తమ్మీద యూనిట్‌కు దాదాపు 0.7 కిలోల కార్బన్ డయాక్సైడ్ పడుతుంది.

ముందు స్కూటర్. లీటరు పెట్రోలు కాలితే 2.3 కిలోలు. 45 మైలేజీ ఇచ్చే స్కూటీకి కిలోమీటరుకు 51 గ్రాములు. కరెంటు స్కూటర్‌కు ఛార్జింగ్ నష్టంతో కలిపి 25 దాకా. రోజుకు 20 కిలోమీటర్లు, ఏడాదికి 300 రోజులు తిరిగితే 150 కిలోలు తగ్గుతుంది. మంచిదే, కానీ బెంజ్ సర్కిల్ దగ్గర బళ్ల బారు మాత్రం ఒక్క అడుగు కూడా తగ్గదు.

బస్సు దగ్గర అసలు చిక్కు. 12 మీటర్ల ఏసీ కరెంటు బస్సు కిలోమీటరుకు 1.2 యూనిట్లు తింటే 840 గ్రాములు. 4 మైలేజీ ఇచ్చే ఏసీ లేని డీజిల్ బస్సుకు 670! ఏసీని ఏసీతోనే పోల్చాలి, అప్పుడు ఇంచుమించు సమానం. వీధిలో పొగ, చప్పుడు తగ్గడం వేరే లాభం. అయితే తేడా ఇంజన్లో కన్నా సీట్లలో ఎక్కువ: ఆ డీజిల్ బస్సులోనే 40 మంది ఉంటే తలకు 17 గ్రాములు, 8 మందే ఉంటే 84. అంత ఖాళీగా తిరిగితే స్కూటీయే నయం.

2025 ఆగస్టు 15 నుంచి సిటీ ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్‌లలో ఆడవాళ్లకు ప్రయాణం ఉచితం. ఇక బస్సు ఎక్కనివ్వనిది ఎదురుచూపే. వెళ్లి రావడానికి 80 నిమిషాలు పట్టే రూటులో 8 బస్సులు తిప్పితే 10 నిమిషాలకొకటి వస్తుంది. విడి దారితో అది 60 నిమిషాలకు దిగితే అవే బస్సులు ఏడున్నర నిమిషాలకొకటి. కొత్త బస్సు కొనకుండానే! ఆగి ఆగి కదలడం తగ్గుతుంది కాబట్టి డీజిలూ మిగులుతుంది. అందుకే మొదటి రూపాయి దీనికే పెట్టాలి.

గీత గీసి వదిలేస్తే మాత్రం వారంలో ఆటోలు, తోపుడుబళ్లు ఆక్రమిస్తాయి. సత్యనారాయణపురంలో బీఆర్‌టీఎస్ (బస్సులకు విడి దారి ఉండే ఏర్పాటు) అన్నది రోడ్డు పేరుగానే మిగిలింది. కాంక్రీటు అంచు కట్టాలి, సిగ్నల్ దగ్గర బస్సునే ముందు వదలాలి, బందరు రోడ్డు పక్కన ఉచిత పార్కింగ్ ఎత్తేయాలి.

షేర్ ఆటోను తరమక్కర్లేదు. కిలో గ్యాస్‌కు 30 కిలోమీటర్లు నడిచే సీఎన్‌జీ ఆటోలో నలుగురెక్కితే తలకు 22 గ్రాములే. బస్సు వెంట పోటీగా కాక, సందుల నుంచి బస్టాపు దాకా తిప్పితే చాలు.