కాన్‌బెర్రా వెళ్తే ‘అబోరిజినల్ మెమోరియల్’ చూడకుండా రావద్దు

సిడ్నీ నుంచి కాన్‌బెర్రా వెళ్లే మనవాళ్లు చాలామంది పార్లమెంటు, వార్ మెమోరియల్ చూసి తిరిగి వచ్చేస్తారు. నేషనల్ గ్యాలరీ ఆఫ్ ఆస్ట్రేలియాలో ఉన్న ఈ ఒక్కదానికి కనీసం ఒక గంట ఉంచుకోండి. మేము బుక్ చేసుకున్న టూర్ వాళ్లు గ్యాలరీ మొత్తానికి కలిపి అరగంటే ఇచ్చారు. అది అన్యాయం. అందుకే మా బాపును (నాన్నను) తీసుకుని మా కారులో మళ్లీ వెళ్లాను.

ఎర్రమట్టి, తెల్లసుద్ద, పసుపు, నలుపు రంగులతో చిత్రించిన 200 బోలు మానులు అక్కడ నిలబెట్టి ఉంటాయి. కొన్ని మోకాలెత్తు కన్నా ఎక్కువ లేవు, కొన్నిటిని తలెత్తి చూడాలి. ఉత్తరాన ఆర్నెమ్ ల్యాండ్‌లో, రామింగినింగ్ చుట్టుపక్కల ఉండే 43 మంది ఆదివాసీ కళాకారులు 1987-88లో వీటిని చేశారు. ఆలోచన జాన్ మండీన్‌ది. ఆయనా ఆదివాసీయే. బ్రిటిష్ వాళ్లు వచ్చి స్థిరపడిన 1788 నుంచి లెక్కేసి ఏడాదికొక మాను. 1988లో దేశమంతా 200 ఏళ్ల ఉత్సవాలు చేసుకుంటుంటే, జనవరి 26న సిడ్నీ వీధుల్లో ఆదివాసీలు, వాళ్లకు తోడు నిలిచినవాళ్లు వేల మంది నిరసనగా నడిచారు. ఈ మానులు పూర్తయింది ఆ ఏడాదే.

అక్కడి ఆచారం ప్రకారం, మనిషి పోయిన కొంతకాలానికి ఎముకలను శుభ్రం చేసి, ఎర్రమట్టి పూసి, ఇలాంటి బోలు మానులో ఉంచి నిలబెడతారు. పైన చిన్న రంధ్రం పెడతారు, ఆత్మ బయటికి చూడటానికి. గ్యాలరీలోని మానుల్లో ఎముకలు లేవు. తమ నేలను కాపాడుకోబోయి చనిపోయి, సరైన అంత్యక్రియలు కూడా జరగనివాళ్లందరి కోసం చేసినవి ఇవి.

బాపు ఒక మాను దగ్గర ఆగి, “ఇది చెదలు దొలిచిన మానే కదా బిడ్డా” అన్నాడు. నిజమే, చెట్టు లోపలి భాగాన్ని చెదలే తినేస్తాయి. పైన గీతలు కూడా అలంకారం కోసం వేసినవి కావు. ఏ వంశం వాళ్ల గుర్తులు వాళ్లవే. ఈ కళాకారుల్లో డేవిడ్ మలాంగి కూడా ఉన్నారు. 1966లో వచ్చిన డాలర్ నోటు మీద ఆయన గీసిన బొమ్మను ఆయనకు చెప్పకుండానే వేశారు.

చుట్టూ తిరిగి చూసి వచ్చేయకండి, మధ్యలో దారి ఉంది, దాంట్లో నడవండి. ఆ దారి గ్లైడ్ నదికి గుర్తు. నది పొడవునా ఏ వంశం నేల ఎక్కడుందో, వాళ్ల మానులూ ఆ వరుసలోనే ఉంటాయి. నాకు అన్నిటికన్నా నచ్చింది ఇదే. ఊరి మధ్యనున్న చెరువుకు అవతల వార్ మెమోరియల్ గోడల మీద లక్షకు పైగా సైనికుల పేర్లున్నాయి. ఇక్కడ చనిపోయినవాళ్ల పేరు ఒక్కటీ లేదు. ఆ పేర్లు రాసిపెట్టినవాళ్లెవరు?

మాది ఆదిలాబాద్ జిల్లా ఉట్నూరు. భూమి హక్కుల కోసం సభకు వచ్చిన గోండుల మీద 1981 ఏప్రిల్ 20న ఇంద్రవెల్లిలో పోలీసులు కాల్పులు జరిపారు. అక్కడ స్తూపం ఉన్నా, ఏళ్ల తరబడి ఆ రోజున జనాన్ని దాని దగ్గరికి పోనివ్వలేదు. బాపు అది చూసినవాడు. ఇక్కడ మాత్రం దేశ రాజధానిలో, ప్రభుత్వ గ్యాలరీలోనే, ఎవరైనా లోపలికి వచ్చి నడవచ్చు. ఆయన తిరిగి తిరిగి మాట్లాడింది దాని గురించే.

గ్యాలరీ ప్రవేశం ఉచితం, ప్రత్యేక ప్రదర్శనలకు మాత్రం టికెట్ ఉంటుంది. పార్కింగ్‌కు డబ్బులు కట్టాలి. పిల్లలను తీసుకెళ్లండి, కానీ మానులను ముట్టుకోవద్దని ముందే చెప్పండి.

ఓపిక ఉంటే అక్కణ్నుంచి పాత పార్లమెంటు దాకా నడవండి. ఎదురుగా పచ్చికలో టెంట్ ఎంబసీ కనబడుతుంది. భూమి హక్కులు ఇచ్చేది లేదని ప్రభుత్వం తేల్చేసినప్పుడు, 1972 జనవరి 26న నలుగురు ఆదివాసీ యువకులు ఒక బీచ్ గొడుగు పాతి మొదలుపెట్టిన నిరసన అది. ఇప్పటికీ సాగుతోంది. అక్కడ మనుషులు ఉంటారు, ఫోటో తీసే ముందు అడగండి.