సూపర్‌మాన్‌కి ఎనిమిదేళ్ల పాపని తీసుకెళ్తే: నెల్లూరు హాలు రివ్యూ

మాది ఇందుకూరుపేట, రొయ్యల మేత వ్యాపారం. మొన్నామధ్య తీరిక చిక్కితే పిల్లలిద్దర్నీ నెల్లూరు తీసుకెళ్లి కొత్త సూపర్‌మాన్ (2025) తెలుగులో చూపించాను. హాలు పేరు రాయను.

సీట్లు హాయిగా ఉన్నాయి, ఏసీ బాగా పనిచేసింది, బాత్రూములు శుభ్రం. సౌండ్ అయితే చెప్పక్కర్లేదు, తెరమీద బిల్డింగులు కూలుతుంటే కాళ్ల కింద నేల అదిరింది. పాప్‌కార్న్ రేటు మాత్రం చూడకుండా కొనడమే మేలు.

పేచీ అంతా సర్టిఫికెట్ దగ్గరే. సినిమాకి సెన్సార్ వాళ్లు ఇచ్చింది యూఏ 13+. మావాడికి 14, పాపకి 8. కౌంటర్లో అడిగాను, "పాపకి చూపించొచ్చా అబ్బాయ్?" అని. తలెత్తకుండానే, "సూపర్‌మానే కదన్నా, పిల్లల సినిమానే" అన్నాడు.

నిజానికి అతను ఆపాల్సిన పని లేదు. 'ఏ' సర్టిఫికెట్ అయితేనే 18 నిండనివాళ్లని లోపలికి పంపకూడదు. యూఏ అంటే నిర్ణయం తల్లిదండ్రులది. 2024లో దాన్ని 7+, 13+, 16+ అని మూడుగా విడగొట్టారు, మంచి పనే. కానీ దేన్ని చూసి నిర్ణయించుకోవాలి? మా మేత బస్తా మీద ఏ సైజు రొయ్యకి ఏ నంబరో, అందులో ప్రొటీన్ ఎంతో రాసుంటుంది. నా చేతికొచ్చిన టికెట్ మీద నంబరొక్కటే! ఇదే సినిమాకి అమెరికాలో పీజీ-13 ఇస్తూ హింస, యాక్షన్, భాష అని కారణం కూడా రాశారు. మనకీ ఓటీటీలో 2021 రూల్స్ ప్రకారం వయసుతో పాటు కారణం చూపించాలి, 13+ నుంచి పేరెంటల్ లాక్ కూడా ఉండాలి. హాలుకొచ్చేసరికి ఆ శ్రద్ధ ఏమైందో.

రాక్షసి జంతువు ఊరిమీద పడ్డప్పుడు మా పాప పాప్‌కార్న్ నములుతూనే ఉంది. తర్వాత విలన్ లూథర్ రివాల్వర్ తీసి, సూపర్‌మాన్‌కి సాయం చేసిన తిండి బండివాడి తలకి గురిపెట్టి, సూపర్‌మాన్‌ని అడిగే ప్రశ్నకోసారి ట్రిగ్గర్ నొక్కుతాడు. అప్పుడు నా చొక్కా గట్టిగా పట్టేసుకుంది. చివరికి పేలింది. "నాన్నా, ఆ మామ మళ్లీ లేస్తాడా?" అంటే ఏం చెప్పను? ఊరంతా కూలినా ఆటలాగే చూసిన పిల్ల, ఒక్క తుపాకీకి బిగుసుకుపోయింది. పేపర్లలో చదివే ఉంటారు, ఈ సినిమాలో సెన్సార్ కోయించింది 33 సెకన్ల ముద్దు సీను. దానికైతే మా పాప చేతులతో కళ్లు మూసుకుని నవ్వి ఊరుకునేది.

సీట్లకి, సౌండ్‌కి 5కి 4. కౌంటర్ జవాబుకి 1. సినిమాలో ఏముందో తెలుగులో రెండు ముక్కలు రాసి కౌంటర్ అద్దానికి అతికిస్తే ఇంకోటి కలుపుతాను. ఏడో తరగతి దాటిన పిల్లలుంటే నిశ్చింతగా వెళ్లండి. చిన్నపిల్లలుంటే ముందు ఒకరు చూసొచ్చాకే తీసుకెళ్లండి.