బార్డర్, కెయిర్న్, వెస్టీ: పిల్లలున్న ఇంటికి ఏ టెర్రియర్ మేలు?

బ్రిటన్‌లో స్థిరపడిన తెలుగు కుటుంబాల్లో పిల్లలు కాస్త పెద్దవాళ్లయ్యేసరికి కుక్కపిల్లను తెచ్చుకుందామన్న మాట రావడం ఇప్పుడు మామూలైపోయింది. పక్కింటి గోడకు గోడ ఆనుకున్న వరస ఇళ్లు, వెనక చిన్న పెరడు, పగలంతా ఉద్యోగాలు, బడులు. ఈ పరిస్థితుల్లో లాబ్రడార్ వంటి పెద్ద కుక్క వద్దనుకున్నవారు చిన్న టెర్రియర్ల వైపు చూస్తారు. అప్పుడు తరచుగా వినిపించే పేర్లు మూడు: బార్డర్ టెర్రియర్, కెయిర్న్ టెర్రియర్, వెస్ట్ హైలాండ్ వైట్ టెర్రియర్. చివరిదాన్నే ముద్దుగా వెస్టీ అంటారు. ఫొటోలు చూసి ఎంచుకునేవారిలో ఎక్కువమంది వెస్టీని ఇష్టపడతారు. నేను మాత్రం ఈ మూడింటిలో దాన్ని చివరనే ఉంచుతాను, అందుకు కారణాలున్నాయి.

ముందుగా మూడింటికీ ఉమ్మడిగా ఉన్న స్వభావాన్ని ఒప్పుకొని తీరాలి. ఒళ్లో కూర్చోబెట్టుకోవడానికి పెంచిన జాతులు కావు ఇవి. నక్కలను, నీటికుక్కలను (ఆటర్లను), ఎలుకలను వెంటాడి, బండల సందుల్లోకీ నేల బొరియల్లోకీ దూరి బయటికి తరమడం కోసం తరతరాలుగా ఎంచి పెంచినవి. బొరియలోకి వెళ్లిన కుక్కకు యజమాని మాట వినిపించదు, అక్కడ ఏం చేయాలో అదే నిర్ణయించుకోవాలి. ఆ స్వతంత్ర బుద్ధి నేటికీ వాటిని వదల్లేదు. ఉడుత కనబడితే పిలిచినా వెనక్కి రాకపోవడం, పూలపాదులు తవ్వడం, తలుపు దగ్గర అలికిడి కాగానే మొరగడం చెడ్డ అలవాట్లు కావు, ఆ జాతి లక్షణాలు. శిక్షణతో వాటిని అదుపులో ఉంచవచ్చు గాని పూర్తిగా మాన్పించడం సాధ్యం కాదు. ఇంట్లో కుందేలో, హ్యామ్‌స్టరో ఇప్పటికే ఉంటే ఈ మూడింటిలో ఏదీ తెచ్చుకోకపోవడమే మంచిది.

బార్డర్ టెర్రియర్ పుట్టిల్లు ఇంగ్లండ్, స్కాట్లండ్ సరిహద్దులోని షెవియట్ కొండల ప్రాంతం. 1920లో కుక్కల జాతులను నమోదు చేసే బ్రిటిష్ సంస్థ కెన్నెల్ క్లబ్ దాన్ని ప్రత్యేక జాతిగా గుర్తించింది. ఐదు నుంచి ఏడు కిలోల బరువు, నీటికుక్కను పోలిన తల, ముతక వెంట్రుకలు. భుజాల వెనక ఛాతీ రెండు అరచేతుల పట్టులో ఇమిడేంత సన్నగా ఉండాలని జాతి ప్రమాణం, ఎందుకంటే నక్క దూరిన బొరియలో తానూ దూరగలగాలి. అదే సమయంలో గుర్రం వెంట పరుగెత్తగలిగేంత పొడవు కాళ్లూ ఉండాలి. నక్కల వేటకు వాడే ఫాక్స్‌హౌండ్ కుక్కల గుంపులతో కలిసి పనిచేసిన చరిత్ర వల్ల కాబోలు, తోటి కుక్కలతో పేచీ పెట్టుకోవడం చాలా టెర్రియర్ల కంటే దీనికి తక్కువ. మనుషులతో మెత్తగా ఉంటుంది, మొరగడం కూడా మిగతా రెండింటితో పోలిస్తే కాస్త తక్కువే. దీనితో వచ్చే చిక్కల్లా నడక. రోజూ గంటకు తగ్గకుండా, వానలోనైనా చలిలోనైనా బయట తిప్పవలసిందే. తిప్పకపోతే కంచె కింద సందు వెతుక్కుని తానే బయలుదేరుతుంది, కాబట్టి పెరటి కంచె అడుగుభాగాన్ని ముందే సరిచూసుకోవాలి.

కెయిర్న్, వెస్టీ రెండూ స్కాట్లండ్ పశ్చిమ హైలాండ్స్‌కూ, ఆ దీవులకూ చెందిన దగ్గరి చుట్టాలు. ఒకప్పుడు ఒకే ఈతలో రెండు రకాల పిల్లలూ పుట్టేవి. రెండింటినీ కలిపి పెంచడానికి 1917లో అమెరికన్ కెన్నెల్ క్లబ్ అడ్డుకట్ట వేసింది. నేటి ప్రమాణం ప్రకారం కెయిర్న్‌కు తెలుపు తప్ప దాదాపు ఏ రంగైనా ఉండవచ్చు, వెస్టీకి తెలుపు తప్ప మరేదీ ఉండకూడదు. ఆర్గైల్ ప్రాంతంలోని పోల్టాలోక్‌కు చెందిన కల్నల్ ఎడ్వర్డ్ మాల్కం వేటలో తన ఎర్రటి కుక్కను నక్క అనుకుని కాల్చారనీ, ఆ బాధతో ఇక తెల్లవాటినే పెంచాలని నిశ్చయించుకున్నారనీ చెబుతారు. 1907 నుంచి క్రఫ్ట్స్ అనే బ్రిటన్ కుక్కల ప్రదర్శనలో వెస్టీ కనిపిస్తోంది. బ్లాక్ అండ్ వైట్ విస్కీ సీసా మీద నల్ల స్కాటీ (స్కాటిష్ టెర్రియర్) పక్కన ఉండే తెల్ల కుక్క ఇదే.

వెస్టీ గురించి అసలు చెప్పవలసింది చర్మం సంగతి. అటోపిక్ డెర్మటైటిస్ అనే అలర్జీ జబ్బుకు ఎక్కువగా గురయ్యే జాతుల్లో ఇదొకటి. ఇంటి దుమ్ములోని సూక్ష్మ పురుగులు, పూల పుప్పొడి వంటి వాటికి చర్మం స్పందించి దురద పుడుతుంది. సాధారణంగా ఆరు నెలల నుంచి మూడేళ్ల వయసు మధ్య, అంటే ఇంటిల్లిపాదికీ కుక్క మీద మమకారం బాగా పెరిగాక ఇది బయటపడుతుంది. కుక్క పాదాలు నాకుతూనే ఉంటుంది, ఆ లాలాజలానికి తెల్లటి వెంట్రుకలు తుప్పు రంగుకు మారతాయి. చంకల్లో, పొట్ట మీద ఎరుపు, చెవిలో చీము, చర్మం నుంచి పులిసిన వాసన ఆ తర్వాత మొదలవుతాయి. దీన్ని అదుపులో ఉంచే మంచి మందులు నేడు ఉన్నాయి గాని, చాలా కుక్కలకు వాటిని జీవితాంతం వాడవలసి వస్తుంది. బ్రిటన్‌లో పెంపుడు జంతువుల బీమా తీసుకునేటప్పుడు అప్పటికే ఉన్న జబ్బుకు సాధారణంగా పరిహారం ఇవ్వరు. ఏడాదికోసారి ముగిసే పాలసీలో మొదటి ఏడాది బయటపడిన దురద రెండో ఏడాదికి పాత జబ్బు అయిపోతుంది. కాబట్టి వెస్టీయే కావాలనుకునేవారు పిల్ల ఇంటికి వచ్చిన రోజునే జీవితకాల పాలసీ తీసుకోవాలి. ముదిమి వయసులో ఊపిరితిత్తులు గట్టిపడే జబ్బు కూడా ఈ జాతిలో ఇతర జాతుల కంటే ఎక్కువగా కనిపిస్తుంది.

మిగతా రెండింటికీ జబ్బులు లేవని కాదు. కెయిర్న్ పిల్లల్లో కొన్నింటికి పుట్టుకతోనే కాలేయానికి వెళ్లవలసిన రక్తం పక్కదారి పడుతుంది. దీన్ని చిన్నతనంలోనే రక్తపరీక్షతో గుర్తించవచ్చు. బార్డర్లలో కొన్నింటికి స్పృహ తప్పకుండానే ఒళ్లు బిగుసుకుపోయి తూలిపడే దాడులు వస్తాయి, గోధుమలోనూ బార్లీలోనూ ఉండే గ్లూటెన్‌తో వీటికి సంబంధముందని తేలింది. అటువంటి కుక్కకు ఆహారం మార్చితే చాలావరకు తగ్గుతుంది గాని, భోజనాల బల్ల కింద పిల్లలు జారవిడిచే చపాతీ ముక్కను కూడా లెక్కలోకి తీసుకోవాలి.

వెంట్రుకల విషయంలో మూడింటికీ రెండు పొరలుంటాయి, పైన ముతక, లోపల మెత్తన. పైపొర పండాక, అంటే దాని వెంట్రుకలు పూర్తిగా పెరిగి కుదుళ్ల దగ్గర వదులయ్యాక, దాన్ని కత్తిరించకుండా చేత్తో పీకి తీయడం ఈ జాతులకు తగిన పద్ధతి. బొటనవేలికీ చూపుడువేలికీ కాస్త సుద్దపొడి రాసుకుని, కొద్ది వెంట్రుకలను పట్టుకుని అవి పెరిగిన దిశలోనే లాగితే తేలిగ్గా ఊడివస్తాయి. పండిన వెంట్రుక కాబట్టి కుక్కకు నొప్పి ఉండదు. కత్తెర, మిషను వాడితే పైపొర మెత్తబడి, వాననూ బురదనూ తట్టుకునే గుణం తగ్గుతుంది. బార్డర్‌కు ఇది ఏడాదికి రెండుసార్లు చేస్తే సరిపోతుంది. కెయిర్న్‌కు వారానికోసారి దువ్వుతూ అప్పుడప్పుడు పీకుతుండాలి. వెస్టీని చాలామంది మిషనుతోనే కత్తిరింపజేస్తారు, ఆ ఖర్చు కొన్ని వారాలకోసారి తప్పదు.

మన వంటింటి గురించి ఒక మాట. ఉల్లి, వెల్లుల్లి ఉడికినా సరే కుక్కల ఎర్ర రక్తకణాలను దెబ్బతీస్తాయి, సేమ్యా పాయసంలోని కిస్‌మిస్ మూత్రపిండాలను పాడుచేయగలదు. ఏడు కిలోల కుక్కకు కొద్ది మోతాదైనా ఎక్కువే. విజిటర్ వీసా మీద ఆరు నెలలు ఉండడానికి వచ్చే నానమ్మకో తాతయ్యకో ఈ సంగతి మొదటి రోజే చెప్పాలి, ప్రేమతో ముద్ద కలిపి పెట్టేది వాళ్లే. కాళ్లకు అడ్డం పడే చిన్న కుక్క వల్ల పెద్దవాళ్లు తూలిపడే ప్రమాదమూ ఉంది కనుక మెట్ల దగ్గర అడ్డుగేటు పెట్టడం మంచిది.

పిల్లలు ఏడెనిమిదేళ్లు దాటి, వారాంతాల్లో కొండలూ పొలాల గట్లూ తిరిగే అలవాటున్న కుటుంబానికి బార్డర్‌ను మించింది లేదని నా నమ్మకం. నడక అంతగా కుదరనివారికి, పెరట్లో కొంత చోటు తవ్వుకోవడానికి వదిలేయగలిగినవారికి కెయిర్న్ సరిపోతుంది. మొండిదే అయినా గట్టి శరీరం, సరదా స్వభావం. వెస్టీ స్వభావంలో లోపమేమీ లేదు, నిజానికి ముగ్గురిలో అత్యంత కలుపుగోలుది అదేననే వారూ ఉన్నారు. దాన్నే కోరుకునేవారు మూడేళ్లు దాటి, చర్మం శుభ్రంగా ఉన్న పెద్ద కుక్కను దత్తత తీసుకోవడం గురించి ఆలోచించాలి. ఆ వయసుకు దురద రావలసింది చాలావరకు వచ్చే ఉంటుంది. ఇక హైదరాబాద్‌లోనో విజయవాడలోనో ఉన్న బంధువులకు ఈ రెండు పొరల చలిదేశపు కుక్కలను నేను సూచించను, మన మే నెల ఎండ వాటికి శిక్షే అవుతుంది.

ఇంగ్లండ్‌లో 2020 ఏప్రిల్ నుంచి ఆరు నెలల లోపు పిల్లలను మధ్యవర్తుల ద్వారా అమ్మడం నిషిద్ధం. పెంపకందారు తన ఇంట్లోనే, తల్లితో పాటు పిల్లను చూపించాలి. చూడడానికి వెళ్లినప్పుడు పిల్ల కంటే తల్లినే ఎక్కువసేపు చూడండి. వెస్టీ అయితే తల్లి పాదాల వేళ్ల సందులూ పొట్టా చూసి, దానికి ఏ మందులైనా వాడుతున్నారా అని సూటిగా అడగండి. కెయిర్న్ అయితే ఆ ఈత పిల్లలందరికీ కాలేయ రక్తపరీక్ష చేయించారా అనీ, బార్డర్ అయితే ఆ కుక్కల వంశంలో మూర్ఛలాంటి దాడులు దేనికైనా వచ్చాయా అనీ అడగాలి. ఈ ప్రశ్నలకు విసుక్కునేవారి దగ్గర బయానా ఇవ్వకుండా తిరిగి వచ్చేయండి.