నందన్ మేళా: శాంతినికేతన్ కళాభవన ప్రాంగణంలో రెండు రోజులు

పశ్చిమ బెంగాల్‌లోని శాంతినికేతన్‌లో, విశ్వభారతి విశ్వవిద్యాలయపు లలితకళల విభాగమైన కళాభవన ప్రాంగణంలో ఏటా డిసెంబరు 1, 2 తేదీలలో నందన్ మేళా జరుగుతుంది. విద్యార్థులు, అధ్యాపకులు తాము చేసిన బొమ్మలను, పాత్రలను, ముద్రణలను, నగలను తమ చేతులతోనే అమ్మే కళాసంత ఇది. కళాశాలల ప్రదర్శనలను వీలు చిక్కినప్పుడల్లా చూసే అలవాటు నాకు చాలా ఏళ్లుగా ఉంది; అయినా ఈ మేళాకు వెళ్లడం నిరుడే కుదిరింది. విద్యాసంస్థ ఆవరణలో నేను చూసిన కళాప్రదర్శనలన్నిటిలోనూ ఇది ఉత్తమమైనదని ముందే చెప్పి, ఎందుకలా అనిపించిందో వివరించడానికి ప్రయత్నిస్తాను.

మేళాలో నేను మొదట ఆగింది ముద్రణల దుకాణం దగ్గర. వెదురుగడలకు కట్టిన తాళ్లమీద లినోకట్‌లు (లినోలియం పలకను చెక్కి తీసే ముద్రణలు), చెక్కదిమ్మెల ముద్రణలు, ఎచింగ్‌లు (లోహపు పలకమీద ఆమ్లంతో గీతలు తొలిచి తీసేవి) బట్టలారేసినట్టు వరుసగా వేలాడుతున్నాయి. తాటిచెట్ల నడుమ పోతున్న ఎడ్లబండిని నలుపు తెలుపుల్లో చెక్కిన చిన్న లినోకట్ ఒకటి నన్ను ఆపేసింది. దాని అడుగున పెన్సిలుతో రాసి ఉన్న అంకెల గురించి అడిగితే, ఆ బల్ల వెనక కూర్చున్న అమ్మాయి "కాకూ, ఇరవై తీశాను, ఇది ఏడోది" అని చెప్పి, తాను చెక్కిన అసలు లినోలియం పలకను సంచీలోంచి తీసి నా చేతిలో పెట్టింది. ఉలి ఎక్కడ జారిందో, ఆ జారిన గీతను ఆమె బండిచక్రం లేపిన దుమ్ముగా ఎలా మలుచుకుందో వేలితో తడిమి చూపించింది. పది నిమిషాల్లో ఆమె చెప్పినంత స్పష్టంగా ముద్రణ కళను గురించి నాకు ఇంతకు ముందు ఎవరూ చెప్పలేదు. ఆ ముద్రణకు నేనిచ్చిన డబ్బు హైదరాబాదులో ఇద్దరు హోటల్లో భోజనం చేస్తే అయ్యే బిల్లుకన్నా తక్కువ.

ఆ డబ్బు ఎక్కడికి పోతుందన్నది ఈ మేళాలో తెలుసుకోవలసిన ముఖ్యమైన సంగతి. 1973లో మేళా మొదలైనదే కళాభవన విద్యార్థుల సహాయనిధి కోసం. జబ్బు చేసినా, ప్రమాదం జరిగినా, చదువు సాగించడానికి చేతిలో పైసా లేకపోయినా విద్యార్థిని ఆదుకోవడానికి ఒక నిధి ఉండాలని, దానిని ఎవరి దగ్గరా చేయిచాచకుండా తమ పనితనంతోనే కూడబెట్టుకోవాలని ఆనాటి వారు తలపెట్టారు. అందుకే అధ్యాపకులు కూడా తమ పనులను మేళాకు ఇస్తారు. పేరు మోసిన చిత్రకారుడి పని, నిన్నగాక మొన్న చేరిన విద్యార్థి చేసిన మట్టి గిన్నె ఒకే ప్రాంగణంలో అమ్మకానికి కనిపిస్తాయి. కొనే వారికి అది బేరం, చేసే వారికి అది చందా. ఈ రెండూ కలిసిన చోట ఎవరూ ఎవరినీ దబాయించరు. ధర అడిగితే చెబుతారు, కొనకుండా వెళ్లినా నవ్వే సాగనంపుతారు.

తేదీల ఎంపిక వెనక కూడా ఒక అర్థం ఉంది. డిసెంబరు 3 చిత్రకారుడు నందలాల్ బోస్ జయంతి. 1882లో పుట్టిన ఆయన, 1919లో ఆరంభమైన కళాభవనకు తొలినాళ్లలోనే సారథ్యం వహించి, దానిని తన జీవితంగా చేసుకున్నారు. 1938లో హరిపుర కాంగ్రెస్ మహాసభ కోసం పల్లె పనివారిని, వాద్యగాళ్లను నిబ్బరమైన గీతలతో చిత్రించిన వారూ, భారత రాజ్యాంగం మూలప్రతి పుటలను తన శిష్యులతో కలిసి అలంకరించిన వారూ ఆయనే. శాంతినికేతన్‌లో ఆయన్ని "మాష్టర్ మొశాయ్" అనేవారు. ఆ పిలుపులోని చనువు ఇప్పటికీ అక్కడ మిగిలి ఉంది: విద్యార్థులు అధ్యాపకులను పేరు చివర "దా" అనో "ది" అనో చేర్చి అన్నయ్యగా, అక్కయ్యగా పిలుస్తారు. మేళాలో గురువూ శిష్యుడూ ఒకే బల్ల వెనక నిలబడి చిల్లర లెక్కపెట్టుకోవడం చూసినప్పుడు, ఆ పిలుపు మాటవరసకు మిగిలినది కాదని నాకు అర్థమైంది.

చిత్రలేఖనం, శిల్పం, ముద్రణ, డిజైన్, కళాచరిత్ర విభాగాల వారు తలో చోటా దుకాణాలు కట్టుకుంటారు. కాల్చిన మట్టి నగలు, సెరామిక్ కప్పులు, బాటిక్ వస్త్రాలు, చేత్తో గీసిన కార్డులు, క్యాలెండర్లు, ముసుగులు, కొయ్యబొమ్మలు ఉంటాయి. తినుబండారాల అంగళ్లూ విద్యార్థులవే. సాయంత్రం పాటలు, నృత్యాలు సాగుతాయి. వీటిని గురించి విడివిడిగా రాయవలసినది పెద్దగా లేదు. అయితే ఒక్క మాట చెప్పాలి: ఆ దుకాణాలే చూడదగిన పనులు. గడ్డి, వెదురు, గోనె, పాత చీరలు, ఎర్రమట్టి తప్ప ఖరీదైన సామగ్రి ఏదీ కనిపించదు. ఫ్లెక్సీ బ్యానర్లు నా కంటికి ఎక్కడా తగలలేదు. మన దగ్గర వేడుక అనగానే ముందుగా ఆర్డరిచ్చేది ఫ్లెక్సీకే కాబట్టి, ఆ లోటు నాకు వెంటనే, ఎంతో హాయిగా కనిపించింది.

మేళాను మించిన ప్రదర్శన ఆ ప్రాంగణమే. దీని గురించి కాస్త వివరంగా రాయక తప్పదు, ఎందుకంటే మేళాకు వెళ్లి దుకాణాలు మాత్రమే చూసి తిరిగి వచ్చే వారు సగం కూడా చూసినట్టు కాదు. శిల్పి రామ్‌కింకర్ బైజ్ 1938లో చేసిన సంతాల్ గిరిజన కుటుంబం శిల్పం అక్కడే ఉంది. కావడి భుజాన వేసుకున్న తండ్రి, పక్కన నడిచే తల్లి, పిల్లలు, వెంట ఒక కుక్క: ఉన్నదంతా మూటగట్టుకుని బతుకుతెరువు కోసం కదిలిన కుటుంబం అది. కంచుకు గాని, పాలరాయికి గాని డబ్బు లేని కాలంలో ఆయన ఇనుప చట్రం నిలబెట్టి, సిమెంటులో ఆ నేలలోని ఎర్ర గులకరాళ్లను కలిపి, ఆ ముద్దను చట్రంమీదికి విసిరి శిల్పాన్ని పెంచుకుంటూ పోయారు. అందుకే దాని ఒంటిమీద నునుపు లేదు. దగ్గరికి వెళ్లి చూస్తే ఆ గరుకుదనం పాదాల కింద ఉన్న నేల గరుకుదనమేనని తెలుస్తుంది. గొప్పవారి విగ్రహాలు, దేవతామూర్తులు తప్ప బహిరంగస్థలంలో శిల్పమనేది అరుదైన ఆ రోజుల్లో, కూలికి పోయే కుటుంబాన్ని మనిషి ఎత్తును మించిన ప్రమాణంలో నిలబెట్టడం ఎంత సాహసమో ఇప్పుడు ఊహించడం కష్టం.

దానికి దగ్గరలోనే ఆయన 1956లో చేసిన మరో శిల్పం ఉంది. మిల్లు కూత విని పరుగెత్తుతున్న ఇద్దరు సంతాల్ స్త్రీలు, వారి వెనక ఒక పిల్లవాడు. తడిచీర ఆరబెట్టుకునే తీరిక లేక, దాన్ని గాలికి ఎగరేస్తూనే పరుగు. మొదటి శిల్పంలోని కుటుంబం మెల్లగా నడుస్తుంది, రెండవ దానిలోని స్త్రీలు పరుగెత్తుతారు. ఆ రెండింటి నడుమ పద్దెనిమిదేళ్లు. కూలివాడి కాలాన్ని సూర్యుడి చేతిలోంచి మిల్లు కూత లాక్కున్న వైనమంతా ఆ దూరంలోనే ఉంది. మేళాకు వచ్చిన పిల్లలు ఆ శిల్పాల చుట్టూ ఆడుకుంటుంటే నేను ఒక అరుగుమీద కూర్చుని చాలాసేపు చూశాను.

ఇక నల్లఇల్లు ఉంది. బెంగాలీలో దాని పేరు కాలోబాడి. మట్టిగోడలు కట్టి, వాటిమీద ఉబ్బెత్తు బొమ్మలు తీర్చి, వానకు కరగకుండా తారు పూసిన విద్యార్థి వసతిగృహం అది. 1930లలో అధ్యాపకులు, విద్యార్థులు కలిసి దాన్ని తీర్చిదిద్దారు. చిత్రకారుడు కె.జి. సుబ్రమణ్యన్ నలుపు తెలుపుల్లో గోడలన్నీ నింపిన డిజైన్ విభాగం భవనం కూడా ఈ ఆవరణలోదే. చిత్రకారుడు వినోద్ బిహారీ ముఖర్జీ 1947 ప్రాంతంలో రామానుజులు, కబీరు, సూరదాసు, తులసీదాసు వంటి మధ్యయుగ భక్తులను ఒక నదీప్రవాహంలా చిత్రించిన కుడ్యచిత్రం కాస్త అవతల హిందీభవనలో ఉంది. పుట్టుకతోనే చూపు మందగించిన ఆయన 1957లో పూర్తిగా అంధులయ్యారు. ఆ తర్వాత కూడా పని మానలేదు, 1972లో కళాభవన గోడమీద సెరామిక్ పలకలతో ఒక పెద్ద చిత్రాన్ని కూర్చారు. చేతివేళ్లతో చూసి చేసిన ఆ చిత్రం ముందు నిలబడినప్పుడు నాకు మాట రాలేదు. 2023లో యునెస్కో శాంతినికేతన్‌ను ప్రపంచ వారసత్వ స్థలంగా గుర్తించింది.

తెలుగువారికి ఈ ప్రాంగణం పరాయిది కాదు. ఓరుగల్లు ప్రాంతంలోని పెనుగొండలో 1924లో పుట్టిన కొండపల్లి శేషగిరిరావు హైదరాబాదులో చదువు ముగించి, ఇక్కడికి వచ్చి నందలాల్ బోస్ దగ్గర శిక్షణ పొందారు. తిరిగి వెళ్లి హైదరాబాదు లలితకళల కళాశాలలో తరాల విద్యార్థులకు పాఠం చెప్పారు. కాకతీయ శిల్పం మీద, చేర్యాల పటచిత్రాల మీద ఆయనకున్న మమకారంలో, పల్లె కళాకారుడిని గురువుగా చూసే శాంతినికేతన్ చూపు ఉందని నా నమ్మకం. బెజవాడ గోపాలరెడ్డి విశ్వభారతిలో చదువుకున్నవారే. రవీంద్రుని రచనలను తెలుగులోకి తెచ్చారు. కళాభవన మొదలైన 1919లోనే రవీంద్రుడు మదనపల్లె థియొసాఫికల్ కళాశాలకు వచ్చి, "జనగణమన"ను అక్కడి విద్యార్థుల ముందు స్వయంగా పాడి, ఆ తర్వాత ఆంగ్లంలోకి తానే అనువదించారు. ఒక కళాశాల ఆవరణలో సాయంత్రం పూట జరిగిన ఆ చిన్న కార్యక్రమానికి మించిన సాంస్కృతికోత్సవం మన ప్రాంతంలో మరొకటి జరిగిందా అని నేను తరచు అనుకుంటాను.

ఈ సందర్భంలోనే ఒక బాధ చెప్పుకోవాలి. కొన్నేళ్ల కిందట మన రాష్ట్రంలోని ఒక ఇంజనీరింగ్ కళాశాల వార్షికోత్సవానికి బంధువుల అబ్బాయి రమ్మంటే వెళ్లాను. అతను వేసిన చిత్రాన్ని ప్రదర్శనలో పెట్టారు. మెట్లకింద ఇరుకు చోట అట్టలకు అతికించిన ముప్పై నలభై చిత్రాలు, వాటి పక్కనే చెవులు పగిలే స్పీకరు. ప్రతి చిత్రం కింద బ్రాంచి, రోల్ నంబరు ఉన్నాయి, పేరు లేదు. ముఖ్య అతిథి రిబ్బను కత్తిరించి, రెండు ఫొటోలు దిగి, ఒక్క చిత్రం ముందు కూడా ఆగకుండా వేదికమీదికి వెళ్లిపోయారు. ఆ అబ్బాయి అంతకు ముందు నెల రోజులు రాత్రుళ్లు మేలుకుని ఆ చిత్రం వేశాడు. "ఎవరైనా ఏమన్నా అడుగుతారేమో అనుకున్నాను బాబాయ్" అని ఆ రోజు వాడన్న మాట, నందన్ మేళాలో ఆ లినోకట్ అమ్మాయి పలక చూపిస్తున్నప్పుడు నాకు గుర్తుకొచ్చింది. వేసినవారిని వేసినదాని పక్కన కూర్చోబెట్టడానికి నిధులు అక్కర్లేదు, ఒక కుర్చీ చాలు.

ఇటువంటి పని ఒక్క శాంతినికేతన్‌కే సాధ్యమనే వాదన నిలవదు. బరోడా ఎం.ఎస్. విశ్వవిద్యాలయం లలితకళల విభాగంలో 1961లోనే ఇటువంటి సంత మొదలైంది. పైన చెప్పిన సుబ్రమణ్యన్ అప్పుడు అక్కడి అధ్యాపకులు; ఆ సంతల కోసం ఆయన కొయ్యతో, పూసలతో, తోలుతో ఆటబొమ్మలు చేశారు. మన చిత్రకారుడు లక్ష్మాగౌడ్ ఆ కళాశాలలోనే ముద్రణ, కుడ్యచిత్రకళ నేర్చుకుని వచ్చి, తర్వాత హైదరాబాదు విశ్వవిద్యాలయంలోని సరోజినీ నాయుడు స్కూల్‌లో బోధించారు. దారి తెలిసిన వారు మన మధ్య ఎప్పుడూ ఉన్నారు.

మేళాలో పరిమితులు లేవని నేననను, అయితే అవి సంత అనే రూపంలోనే ఉన్నవి. వంద రకాల చిన్న వస్తువుల నడుమ, తీరికగా చూడవలసిన పెద్ద చిత్రం వెనకబడిపోతుంది. చేతిలో పట్టేది, ఇంటికి తీసుకుపోగలిగినది ముందుగా అమ్ముడవుతుంది కాబట్టి, ఆలోచనతో చేసిన కష్టమైన పనికి కొనుగోలుదారు దొరకడం అరుదు. సాయంత్రం నాలుగు దాటాక జనం పెరిగి, నిలబడి చూసే వీలు తగ్గుతుంది. అందువల్ల కొనదలచినవారు మొదటి రోజు ఉదయమే వెళ్లడం మేలు. అధ్యాపకుల ముద్రణలు, మంచి సెరామిక్ పాత్రలు నేను చూస్తుండగానే మధ్యాహ్నానికి తరిగిపోయాయి. శిల్పాలను, కుడ్యచిత్రాలను రెండవ రోజు ఉదయపు ఎండలో చూడడం మంచిది. ఏటవాలు వెలుగులో రామ్‌కింకర్ శిల్పాల గరుకుదనం స్పష్టంగా తెలుస్తుంది.

తెలుగు రాష్ట్రాల నుంచి వెళ్లేవారు హౌరా దాకా రైలులో వెళ్లి, అక్కడి నుంచి బోల్‌పూర్ శాంతినికేతన్ స్టేషనుకు మరో రైలు ఎక్కాలి. అది రెండున్నర, మూడు గంటల ప్రయాణం. స్టేషను బయట బ్యాటరీ రిక్షాలు దొరుకుతాయి, వాటిని అక్కడ టోటో అంటారు. బస ముందుగానే చూసుకోవాలి. డిసెంబరులో రాత్రిపూట చలి బాగానే ఉంటుంది కాబట్టి శాలువా ఒకటి ఉంచుకోవాలి. చిల్లర నోట్లు దగ్గర పెట్టుకోవడం మంచిది. హిందీ, ఆంగ్లం రెండూ నడుస్తాయి, అయితే "దామ్ కతో" అని ధర అడిగితే విద్యార్థుల ముఖాలు వెలుగుతాయి.

ముద్రణలు కొనదలచినవారు ఇంటి నుంచే ఒక గట్టి అట్టగొట్టం తీసుకుపోవాలి. నేను తీసుకుపోలేదు. ఆ అమ్మాయి తన డ్రాయింగులు పెట్టుకునే గొట్టాన్ని ఖాళీ చేసి, నా లినోకట్‌ను పలుచని కాగితంలో చుట్టి అందులో పెట్టి, మూతమీద తన పేరు బెంగాలీలో రాసి ఇచ్చింది. డబ్బు తీసుకోమంటే వద్దంది. వచ్చే డిసెంబరులో ఆ గొట్టాన్ని తిరిగి ఇవ్వడానికి ఆ బంధువుల అబ్బాయిని కూడా వెంటబెట్టుకుని వెళ్తున్నాను. టికెట్లు తీసుకోవడమే మిగిలింది.