పూరీ తీరం నుంచి సాతపడాకు: ఇంటిల్లిపాదితో డాల్ఫిన్ల పడవ ప్రయాణం

పూరీకి వెళ్లే తెలుగు కుటుంబాలలో చాలామంది జగన్నాథుని దర్శనం, సముద్ర స్నానం, కోణార్క్ ఆలయం ముగించుకున్న తరువాత మిగిలిన పూటను చిలికా సరస్సులోని డాల్ఫిన్ల కోసం కేటాయిస్తారు. చిన్నపిల్లలు, పెద్దవారు కలిసి ఒకే పడవలో కూర్చుని నిజంగా ఆనందించగలిగిన ప్రయాణాలు మన తూర్పు తీరంలో ఎక్కువ లేవు; వాటిలో ఇది తప్పక ఒకటి. అయితే ఆ పూట ఎలా గడుస్తుందన్నది సరస్సు మీద కన్నా మీరు ఎంచుకున్న వేళ మీద, పడవ నడిపే మనిషి ఓర్పు మీద ఎక్కువగా ఆధారపడి ఉంటుంది. సంక్రాంతి సెలవులలో డెబ్బై దాటిన మా అమ్మగారితో, బడికి వెళ్లే పిల్లలతో చేసిన ప్రయాణంలో నాకు స్పష్టంగా అర్థమైన విషయం ఇదే.

ముందుగా బస సంగతి. పూరీలో సముద్రం ఒడ్డున ఉండదలచినవారికి ప్రధానంగా రెండు ప్రాంతాలు కనిపిస్తాయి. స్వర్గద్వారం వైపు అంగళ్లు, భోజన హోటళ్లు, రాత్రి పొద్దుపోయే దాకా జనసందోహం ఉంటాయి. అన్నీ నడక దూరంలో దొరుకుతాయి గాని, అక్కడే శ్మశానవాటిక కూడా ఉన్నందువల్ల పిల్లలతో బస చేయడానికి కొందరు ఇష్టపడరు. చక్రతీర్థ రోడ్డు వైపు రద్దీ తక్కువ, గదులు కొంత విశాలం, ఒడిశా పర్యాటక సంస్థ వారి పాంథనివాస్ కూడా ఆ దారిలోనే ఉంది. మేము అటువైపే ఒక ప్రైవేటు హోటల్లో దిగాము. తెల్లవారుజామున బయలుదేరేవారికి అక్కడ మరొక సౌకర్యం ఏమిటంటే, ఆ వేళకు కారు గుమ్మం ముందుకు రావడానికి సందుల బెడద ఉండదు. శుభ్రత, భద్రత గల తీరాలకు ఇచ్చే అంతర్జాతీయ బ్లూ ఫ్లాగ్ గుర్తింపును 2020లో పొందిన గోల్డెన్ బీచ్ కూడా అక్కడికి దగ్గరే. రుసుము ఇచ్చి లోపలికి వెళ్లాలి. శుభ్రమైన ఇసుక, స్నానాల గదులు, కాపలా ఉన్నందువల్ల పిల్లలను సముద్రంలో ఆడించడానికి పూరీలో అంతకన్నా నిశ్చింతగా ఉండే చోటు నాకు కనిపించలేదు.

పూరీ సముద్రం గురించి ఒక్క మాట ఇక్కడే చెప్పాలి. అక్కడి కెరటాలకు బలం ఎక్కువ, లోపలికి లాగే స్వభావమూ ఎక్కువ. తెల్లని శంకువు ఆకారపు టోపీలు పెట్టుకుని యాత్రికుల చేయి పట్టి స్నానం చేయించే నూలియాలు అనేక తరాల క్రితం ఆంధ్ర తీరం నుంచి వలస వెళ్లిన మత్స్యకారుల సంతతివారు; ఇంటిలో నేటికీ తెలుగే మాట్లాడతారు. మా అమ్మగారు నీటిలోకి దిగడానికి జంకుతుండగా ఒక పెద్దాయన దగ్గరకు వచ్చి, "అమ్మా, కెరటానికి ఎదురు నిలబడకండి, పక్కకు తిరిగి నా చేయి పట్టుకోండి" అని మన ఉత్తరాంధ్ర యాసలో అనేసరికి ఆవిడ భయం సగం తీరిపోయింది. ఇంత చక్కని సేవ చేసే ఈ మనుషులతో బేరమాడకుండా వారడిగినది ఇవ్వమని నా మనవి.

డాల్ఫిన్ల పడవలు బయలుదేరేది చిలికా ఒడ్డున ఉన్న సాతపడా నుంచి; పూరీ నుంచి అక్కడికి బ్రహ్మగిరి మీదుగా సుమారు 50 కిలోమీటర్లు. బ్రహ్మగిరిలో అలారనాథుని ఆలయం ఉంది. స్నానపూర్ణిమ తరువాత జగన్నాథుడు భక్తులకు దర్శనమివ్వని, ‘అనసర’ అని పిలిచే రోజులలో జనం ఇక్కడికే వస్తారు. తిరుగు ప్రయాణంలో అక్కడ ఆగితే మంచిది, వెళ్లేటప్పుడు ఆగితే సరస్సు మీది ఉదయం చేజారిపోతుంది. ఒకే రోజులో రెండు మూడు చోట్లు చుట్టివచ్చే బస్సు యాత్రలను కుటుంబంతో వచ్చినవారు తీసుకోకపోవడమే మేలు. ఆ బస్సులు చిలికా చేరేసరికి ఎండ ముదురుతుంది, గాలి లేచి నీరు కదులుతుంది, డాల్ఫిన్ వీపు ఏదో, అల ఏదో పోల్చుకోవడం కష్టమవుతుంది. కారు మాట్లాడుకుని తెల్లవారక ముందే బయలుదేరడం ఖర్చే అయినా ఆ ఖర్చుకు తగిన ఫలితం ఉంటుంది. సాతపడాలోనే పర్యాటక సంస్థ వారి యాత్రినివాస్ ఉంది. రాత్రి అక్కడే ఉంటే ఈ హడావుడి లేకుండా పొద్దున్నే రేవుకు చేరవచ్చు. హోటళ్ల వసతి, భోజనంలో ఎంపిక మాత్రం పూరీలో ఉన్నంత ఉండదు కనుక చంటిపిల్లలున్నవారు ఆలోచించుకోవాలి. శీతకాలపు ఉదయాలలో సరస్సు మీద దట్టమైన పొగమంచు పడుతుంది. మేము వెళ్లిన రోజున మంచు తేరుకునే వరకు పడవలను కదలనివ్వలేదు. అది భద్రత కోసం చేసే పని కనుక విసుక్కోనవసరం లేదు, వేడి టీ తాగుతూ వేచి ఉండవచ్చు.

రేవులో పర్యాటక సంస్థ పడవలతో పాటు స్థానిక మత్స్యకారుల సంఘాల పడవలు దొరుకుతాయి. చాలావరకు ఇవి పొడవాటి చెక్క పడవలు. వెనుక డీజిల్ ఇంజిను, పైన ఎండకు కప్పు, రెండు పక్కలా బల్లలు. అద్దె మనిషికి ఇంత అని కాక పడవ మొత్తానికి, తిరిగే గంటలను బట్టి ఉంటుంది. కాబట్టి నలుగురైదుగురు ఉన్న కుటుంబం విడిగా పడవ తీసుకోవడమే న్యాయం. ఎప్పుడు ఆగాలో, ఎప్పుడు తిరగాలో మన చేతిలో ఉంటుంది. ఎక్కే ముందు అడగవలసినవి కొన్ని ఉన్నాయి: పిల్లల కొలతకు సరిపోయే లైఫ్ జాకెట్లు ఉన్నాయా, పూర్తి అద్దె ఎంత, మధ్యలో ఏ దీవి దగ్గర ఎంతసేపు ఆపుతారు. పెద్దల జాకెట్ తొడిగితే చిన్నపిల్లల మెడలోంచి జారిపోతుంది. మా చిన్నమ్మాయికి సరిపడినది మూడో పడవలో గాని దొరకలేదు, అది దొరికే వరకు మేము ఎక్కలేదు. పడవలో మరుగుదొడ్డి ఉండదు. రేవులోనే ఆ అవసరం తీర్చుకుని ఎక్కాలి. మోకాళ్ల నొప్పులున్న పెద్దవారికి పడవలోకి దిగే మెట్టు ఎత్తుగా ఉంటుంది, పట్టుకుని దింపే మనిషి కావాలి. సముద్రం మీద వచ్చే తలతిప్పు, వాంతుల భయం మాత్రం ఇక్కడ దాదాపు ఉండదు, ఎందుకంటే చిలికా చాలా చోట్ల లోతు తక్కువైన నిశ్చలమైన ఉప్పుటేటి నీరు.

ఆ నీటి గురించి కొంత తెలుసుకుని వెళితే పిల్లలకు చెప్పడానికి ఎంతో ఉంటుంది. మన దేశంలో ఉప్పునీరు, మంచినీరు కలిసే సరస్సులలో చిలికాయే అతి పెద్దది. వానకాలంలో సుమారు 1,100 చదరపు కిలోమీటర్లకు పైగా విస్తరిస్తుంది, వేసవిలో తగ్గుతుంది. 1981లో రామ్సార్ ఒప్పందం కింద అంతర్జాతీయ ప్రాధాన్యం గల చిత్తడి నేలగా గుర్తింపు పొందింది. తరువాతి కాలంలో సముద్రంతో కలిసే ముఖద్వారం ఇసుకతో పూడిపోతూ రావడం వల్ల ఉప్పుదనం తగ్గి, కలుపు పెరిగి, చేపల రాబడి పడిపోయింది; 1993లో ప్రమాదంలో ఉన్న చిత్తడి నేలల జాబితాకు ఎక్కింది. 2000 సెప్టెంబరులో సిపకుద గ్రామం దగ్గర ఇసుకతిన్నెను తవ్వి కొత్త ముఖద్వారం తెరిచారు. సముద్రపు నీరు మళ్లీ లోపలికి రావడంతో చేపలు, రొయ్యలు, పీతలు తిరిగి పెరిగాయి, 2002లో ఆ జాబితా నుంచి చిలికాను తొలగించారు. పడవవారు "సముద్ర ముఖం" అని చూపించేది ఇటువంటి చోటునే. ఒకవైపు నిలిచిన సరస్సు, ఇసుకతిన్నెకు అవతల హోరెత్తే బంగాళాఖాతం. ఈ నీటి మార్పిడి మీదే ఇక్కడి వేలాది మత్స్యకార కుటుంబాల బతుకు నిలబడి ఉందని తెలిసిన తరువాత ఆ దృశ్యాన్ని చూసే తీరే మారుతుంది.

డాల్ఫిన్ల విషయానికి వస్తే, టీవీలో చూసినట్లు నీటిలోంచి ఎగిరి పల్టీలు కొట్టే జాతి ఇది కాదని పిల్లలకు ముందే చెప్పాలి. ఇవి ఇరావదీ డాల్ఫిన్లు. ముక్కు పొడుచుకు రాని గుండ్రని తల, వీపు మీద చిన్న రెక్క, బూడిద రంగు దేహం. ఊపిరి కోసం ఒకటి రెండు నిమిషాలకోసారి మెల్లగా పైకి వచ్చి, వీపు వంచి మళ్లీ మునిగిపోతాయి. ఈ మధ్య సంవత్సరాల లెక్కల ప్రకారం మొత్తం చిలికాలో ఉన్నవి సుమారు 150 మాత్రమే. ఈ జాతితో మన తెలుగు తీరానికి ఒక సంబంధం ఉంది: 1852లో విశాఖపట్నం రేవులో దొరికిన నమూనాను ఆధారం చేసుకునే ఆంగ్లేయ శాస్త్రవేత్త రిచర్డ్ ఓవెన్ 1866లో దీనిని శాస్త్రలోకానికి పరిచయం చేశాడు. ఈ సంగతి చెప్పగానే మా పెద్దవాడు, "అయితే ఇవి మన వైజాగ్‌వే కదా నాన్నా" అని ఉత్సాహంగా నీటి వైపు చూడడం మొదలుపెట్టాడు.

మేము ఎక్కిన పడవను నడిపిన మనిషి వయసు మళ్లినవాడు. వెదురు గుంజలు పాతిన వలల మధ్య దారి చేసుకుంటూ వెళ్లి, ఒక చోట పక్షులు నీటిపై తిరుగుతుండడం చూసి, దూరంలోనే ఇంజిను ఆపేశాడు. ఆ మోత ఆగిన తరువాత గాని సరస్సు ఎంత ప్రశాంతంగా ఉందో తెలియలేదు. కొద్దిసేపటికి ఎడమవైపు ఊపిరి వదిలిన చప్పుడు వినిపించింది. ముందు చప్పుడు, తరువాత వీపు. ఒకటి, దాని వెంటే మరొకటి, కొంచెం చిన్నది. తల్లీ పిల్లా కావచ్చునని అతను హిందీలో మెల్లగా అన్నాడు. అంతలో వేరే పడవలు మూడు నాలుగు ఇంజిన్లు ఆపకుండానే ఆ చోటును చుట్టుముట్టాయి, జనం కేకలు వేశారు, డాల్ఫిన్లు మళ్లీ ఆ చోట కనిపించలేదు. నాకు కలిగిన బాధ డబ్బు గురించి కాదు. ఊపిరి కోసం పైకి రాక తప్పని ప్రాణి తలపైన మరపడవ రెక్కలు తిరుగుతుంటే దానికి గాయమయ్యే ప్రమాదం ఉంది. నీటి అడుగున శబ్దాన్ని బట్టి దారి, మేత వెతుక్కునే జీవికి ఆ మోత ఎంత ఇబ్బందో ఊహించుకోవచ్చు. తరిమి దగ్గర నుంచి చూపిస్తాననే పడవవాడి కన్నా దూరంగా ఆగి వేచి ఉంటాననే పడవవాడిని ఎంచుకోండి, ఆ మాట ఎక్కే ముందే చెప్పండి, అతను అలా చేస్తే పైన కొంత ఇవ్వండి. మేము మరొక చోటికి వెళ్లి అదే విధంగా వేచి ఉంటే చాలాసేపటి వరకు అవి అటూ ఇటూ కనిపిస్తూనే ఉన్నాయి.

దీవుల దగ్గర ఆపడం గురించి నా అభిప్రాయం వేరు. ఇసుకతిన్నె మీద ఎర్ర పీతలను చూడడం పిల్లలకు సరదాయే, కానీ మేము ఆగిన చోట ఒక వ్యాపారి గిన్నెలో పట్టి ఉంచిన పీతలనే చూపించి డబ్బు అడిగాడు. పక్కనే మరొకతను ఆలిచిప్పలు పగలగొట్టి లోపల ముత్యం దొరికిందని చూపిస్తూ, అది చిలికా ముత్యమని ధర చెప్పసాగాడు. చిప్పలో ముందే పెట్టిన పూసను ముత్యమని అమ్మే ఈ పద్ధతి అక్కడ చాలాకాలంగా సాగుతున్నదే. ఎంత నమ్మకంగా చెప్పినా కొనవద్దు. తాటాకు పాకలలో వేయించి ఇచ్చే రొయ్యలు, పీతలు రుచికరంగానే ఉంటాయి, ధర ముందే నిర్ణయించుకుని, కళ్ల ముందు వేయించినవి మాత్రమే తినాలి. మా అమ్మగారి వంటి శాకాహారులకు అక్కడ కొబ్బరిబొండాం తప్ప మరేమీ దొరకదు కనుక పులిహోర వంటిది ఏదైనా కట్టుకుని వెళ్లడం మేలు. సముద్ర ముఖం దగ్గర ఇసుకలో కాసేపు నడవడానికి దిగవచ్చు, అక్కడ స్నానానికి మాత్రం పిల్లలను దింపవద్దు. నీటి లాగు చాలా బలంగా ఉంటుంది.

డాల్ఫిన్ల మీద అంత ఆసక్తి లేని పెద్దవారు మీ వెంట ఉంటే, సాతపడాకు బదులుగా సరస్సుకు పడమటి ఒడ్డున ఉన్న బర్కుల్ నుంచి కాలీజాయి దీవికి వెళ్లే పడవ వారికి ఎక్కువ నచ్చుతుంది. పెళ్లయి అత్తవారింటికి పడవలో వెళుతూ తుఫానులో మునిగిపోయిన జాయి అనే అమ్మాయిని అక్కడివారు దేవతగా కొలుస్తారు. మత్స్యకారులకు ఆమె ఇలవేల్పు వంటిది. మకర సంక్రాంతికి అక్కడ పెద్ద జాతర, ఆ రోజులలో రేవులో తోపులాట ఉంటుంది గనుక పిల్లలతో వెళ్లేవారు పండుగ దాటిన తరువాతే వెళ్లాలి. విశాఖపట్నం వైపు నుంచి రైలులో వచ్చేవారికి బర్కుల్ సులువు కూడా: బాలుగావ్ స్టేషనులో దిగితే ఆటోలో కొద్ది దూరమే. సరస్సు ఒడ్డునే ఉన్న బర్కుల్, రంభ పాంథనివాసాలలో గది దొరికితే రాత్రి అక్కడ ఉండవచ్చు. బరంపురం దాటిన తరువాత రంభ నుంచి బాలుగావ్ వరకు రైలు సరస్సు అంచునే సాగుతుంది. భువనేశ్వర్ వైపు వెళ్లేటప్పుడు కుడివైపు కిటికీ దగ్గర కూర్చోండి. పక్షుల కోసమే వచ్చేవారు మాత్రం నవంబరు నుంచి ఫిబ్రవరి లోపల, ఉత్తర ఒడ్డున ఉన్న మంగళాజోడికి వెళ్లాలి. ఒకప్పుడు పక్షులను వేటాడిన ఆ గ్రామస్థులే నేడు వాటికి కాపలా కాస్తూ, ఇంజిను లేని పడవలను గెడలతో నెడుతూ రెల్లు పొదల మధ్య చూపిస్తారు. మా తదుపరి సెలవులకు ఆ ఊరినే అనుకున్నాము, పడవ కోసం ముందుగానే మాట్లాడుకోమని మాకు సాతపడాలో పడవ నడిపిన ఆ పెద్దాయనే చెప్పాడు.