ఒకే ఫైలు, పదకొండేళ్లు: ఎస్‌క్యూలైట్‌తో నా అనుభవం

చిన్న ఊళ్లలో దుకాణాలకు బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ రాసిస్తుంటాను. మొదట్లో డేటా కోసం ప్రతి దుకాణం కంప్యూటర్‌లోనూ ఒక పెద్ద డేటాబేస్ సర్వర్‌ను ఇన్‌స్టాల్ చేసేవాణ్ణి. కరెంటు పోయి వచ్చాక ఆ సర్వీస్ ఒక్కోసారి తనంతట తాను లేచేది కాదు. పొద్దున్నే ఫోన్ వచ్చేది: "అన్నా, ఓపెన్ కావట్లేదు, కౌంటర్ దగ్గర జనం నిలబడ్డారు." ఎక్కడ నొక్కాలో ఫోన్‌లోనే చెప్పి సర్వీస్‌ను లేపించేవాణ్ణి. 2014లో ఎస్‌క్యూలైట్ (SQLite) అనే చిన్న డేటాబేస్‌కు మారాను. ఆ తర్వాత అలాంటి ఫోన్ ఒక్కటీ రాలేదు.

ఎస్‌క్యూలైట్‌ను తయారుచేసిన రిచర్డ్ హిప్ దీన్ని మొదలుపెట్టిన కారణం కూడా ఇలాంటిదేనని తర్వాత తెలిసింది. అమెరికా నౌకాదళానికి చెందిన యుద్ధనౌక కోసం ఆయన పనిచేసిన ప్రోగ్రామ్, డేటాబేస్ సర్వర్ ఆగితే తానూ పనిచేసేది కాదు. అసలు సర్వరే అక్కర్లేని డేటాబేస్ ఉండాలన్న ఆలోచన అక్కడే పుట్టి, 2000లో తొలి వెర్షన్ వచ్చింది. డేటా మొత్తం ఒకే ఫైలు. లైసెన్సు గొడవ లేదు, ఎవరైనా ఎలాగైనా వాడుకోవచ్చు. బిల్లు కొడుతుండగా కరెంటు పోతే ఆ బిల్లు పూర్తిగా ఉంటుంది, లేదా అసలే ఉండదు. యూపీఎస్ లేని షాపుల్లో కూడా సగం ఎక్కిన బిల్లును నేను ఇంతవరకూ చూడలేదు.

అయితే ఆ 'ఒకే ఫైలు' అన్న మాటను గుడ్డిగా నమ్మి ఒకసారి గట్టి దెబ్బ తిన్నాను. వేగం కోసం వాల్ (WAL, అంటే రైట్-అహెడ్ లాగ్) మోడ్ ఆన్ చేశాను. ఈ మోడ్‌లో కొత్త మార్పులు ముందుగా పక్కనే ఉండే వాల్ ఫైలులోకి వెళ్తాయి. అది 1000 పేజీలకు (పేజీ అంటే డేటాబేస్ ఫైలులో ఒక చిన్న ముక్క), అంటే మామూలు సెట్టింగుల్లో సుమారు 4 ఎంబీకి చేరాకే అసలు ఫైలులో కలుస్తాయి. ప్రోగ్రామ్ మూసినప్పుడు కూడా కలుస్తాయి. నా బ్యాకప్ బటన్ మాత్రం అసలు ఫైలు ఒక్కదాన్నే పెన్‌డ్రైవ్‌లోకి కాపీ చేసేది. ఒక మందుల షాపులో ప్రోగ్రామ్ మూసే అలవాటే లేదు. రాత్రి బ్యాకప్ తీసి, కంప్యూటర్‌ను స్లీప్‌లో పెట్టి షట్టర్ దించేవారు. ఒకరోజు హార్డ్ డిస్క్ పోయింది. ముందు రాత్రి బ్యాకప్ ఎక్కిస్తే అందులో మధ్యాహ్నం దాకా ఉన్న బిల్లులే ఉన్నాయి. సాయంత్రం బిల్లులన్నీ వాల్ ఫైలులో ఉండిపోయాయి, అది డిస్క్‌తోపాటే పోయింది. ఓనరు గారు డూప్లికేట్ కాపీలు చదువుతుంటే నేను పక్కన కూర్చుని ఒక్కొక్కటీ మళ్లీ ఎక్కించాను. తప్పు నాది, ఎస్‌క్యూలైట్‌ది కాదు. ఈ సంగతి డాక్యుమెంటేషన్‌లో స్పష్టంగా రాసే ఉంది.

ఇప్పుడు ఫైల్ కాపీ జోలికే వెళ్లను. 2019లో వచ్చిన 'వ్యాక్యూమ్ ఇన్‌టూ' కమాండ్‌తో, ప్రోగ్రామ్ నడుస్తుండగానే పూర్తి కాపీ తీస్తాను. ఆ కాపీని వెంటనే తెరిచి ఫైలు పాడవలేదని చూసే ఇంటెగ్రిటీ చెక్ నడిపి, అందులో ఉన్న చివరి బిల్లు నంబరును తెరమీద పెద్ద అక్షరాలతో చూపిస్తాను. కౌంటర్‌లో ఉన్నవాళ్లు చేతిలోని చివరి బిల్లుతో దాన్ని సరిచూసుకుంటారు.

తెలుగులో సాఫ్ట్‌వేర్ రాసేవాళ్లు తప్పక తెలుసుకోవాల్సింది ఇంకొకటి ఉంది. వస్తువుల పేర్లు వెతకడానికి ఎస్‌క్యూలైట్‌తో వచ్చే పదాల సెర్చ్ సదుపాయం ఎఫ్‌టీఎస్5 (FTS5) వాడాను. ఒక కిరాణా షాపులో 'పెరుగు' అని కొడితే 'పురుగుల పొడి' కూడా వచ్చింది! రెండు రోజులు నా కోడ్‌నే అనుమానించాను. విషయం ఏమిటంటే, దాని మామూలు టోకెనైజర్ (రాతను పదాలుగా విడగొట్టే భాగం) అక్షరాలను, అంకెలను మాత్రమే పదంలో భాగంగా లెక్కిస్తుంది. మన గుణింతపు గుర్తులు యూనికోడ్‌లో వేరే వర్గంలోకి వస్తాయి కాబట్టి ఖాళీ ఉన్నట్టే భావించి పదాన్ని అక్కడ విరిచేస్తుంది. దాని లెక్కలో పెరుగైనా పురుగైనా మిగిలేది ప, ర, గ. టేబుల్ సృష్టించేటప్పుడు కేటగిరీల ఆప్షన్‌లో ఆ గుర్తులు ఉండే ఎమ్ఎన్ (Mn), ఎమ్‌సీ (Mc) వర్గాలను కూడా కలిపితే సరిపోతుంది. ఒక్క లైను మార్పు. దానితో తెలుగు సెర్చ్ అచ్చంగా కుదిరింది. అక్షర క్రమం కూడా ఇలాగే ఇబ్బంది పెడుతుంది. యూనికోడ్ వరసలో 'ళ', 'వ' కంటే ముందుంది. మన వర్ణమాల వరస కావాలంటే ఏ అక్షరం ముందో చెప్పే సొంత కొలేషన్ ఫంక్షన్ రాసుకోవాలి, నేను రాసుకున్నాను.

ఇక చిన్న జాగ్రత్తలు. ఒక టేబుల్ సూచించే వరస మరో టేబుల్‌లో నిజంగా ఉందో లేదో చూసే ఫారిన్ కీ తనిఖీ మామూలుగా ఆఫ్‌లో ఉంటుంది, కనెక్షన్ తెరిచిన ప్రతిసారీ ఆన్ చేయాలి. అంకెల కాలమ్‌లో '5 కేజీ' అని రాసినా మారు మాట్లాడకుండా దాచుకుంటుంది. 2021 నుంచి ఇలాంటివి ఒప్పుకోని స్ట్రిక్ట్ టేబుల్స్ వచ్చాయి కాబట్టి కొత్త టేబుళ్లన్నీ అలాగే చేస్తున్నాను. డబ్బును మాత్రం పైసల్లో, పూర్ణాంకంగానే దాచండి. రూపాయల్ని దశాంశాలతో దాస్తే జీఎస్టీ మొత్తాలు పైసా అటూఇటూ అయి ఆడిటర్ దగ్గర టెన్షన్ పడాల్సి వస్తుంది.

రెండో కౌంటర్ అడిగినప్పుడు చాలామంది డేటాబేస్ ఫైలును షేర్డ్ ఫోల్డర్‌లో పెడతారు. దయచేసి ఆ పని చేయకండి. వాల్ మోడ్ ఒకే కంప్యూటర్ మెమరీ మీద ఆధారపడుతుంది, నెట్‌వర్క్ మీద పనిచేయదు. నేను మెయిన్ కంప్యూటర్‌లో చిన్న వెబ్ సర్వర్ నడిపి, మిగతా కౌంటర్లకు బ్రౌజర్‌లో స్క్రీన్ ఇస్తాను. ఎంతమందైనా ఒకేసారి చదవొచ్చు గానీ రాసేది మాత్రం ఒక్కరే. అందుకే 'డేటాబేస్ ఈజ్ లాక్డ్' అన్న ఎర్రర్ మొదట్లో కనిపించేది. బిజీ టైమౌట్ (లాక్ వీడేదాకా ఆగి చూసే సమయం) 5 సెకన్లు పెట్టి, రాసే లావాదేవీలన్నీ, మొదట్లోనే రాసే హక్కు తీసుకునే 'బిగిన్ ఇమీడియట్'తో మొదలుపెట్టాక ఆ ఎర్రర్ మళ్లీ కనపడలేదు. మూడు కౌంటర్లు, ఓనరు ఫోన్‌లో రిపోర్టులు: పండగ రద్దీలో కూడా హాయిగా నడుస్తోంది.

నాలుగు బ్రాంచీలు ఒకే స్టాక్ చూడాలన్న కస్టమర్‌కు మాత్రం మధ్యలో పోస్ట్‌గ్రెస్ అనే డేటాబేస్ సర్వర్ పెట్టాను. బ్రాంచి కౌంటర్లలో ఎస్‌క్యూలైట్‌నే ఉంచాను. నెట్ పోతే బిల్లులు అక్కడే పడతాయి, వచ్చాక పైకి వెళ్తాయి.